ట్యాన్ రావడానికో మాత్ర, ట్యాన్ పోవడానికో మాత్ర: ఎండని లోపల్నుంచి ఆపొచ్చా?

వెనకాల వినిపిస్తున్న టపటప శబ్దం ఏరేటర్లది, మీ ఫోన్ స్పీకర్ బాగానే ఉంది. ముదినేపల్లి దాటి కైకలూరు వైపు వచ్చే రోడ్డు పక్కన ఒక రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నాను. టైము పొద్దున్న ఎనిమిదిన్నర. పదయ్యేసరికి ఇక్కడ్నుంచి లేచిపోవాలి. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

ఈ ఎపిసోడ్‌కి కారణం రెండు మెసేజ్‌లు. మొదటిది ఈ మండలం తమ్ముడిదే. "అన్నా, నాది చెరువు మీద మేత వేసే పని. మొహం, చేతులు బాగా నల్లబడిపోయాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ట్యాన్ పోవడానికి గ్లూటాథయోన్ మాత్రలు, ఎండ నుంచి లోపల్నుంచి కాపాడే క్యాప్సూల్స్ అని రీల్స్‌లో చూశాను. రెండూ కలిపి నెలకి రెండు వేల పైనే. వాడమంటావా?" అని. రెండోది తాడేపల్లిగూడెం నుంచి డాలస్ వెళ్ళి చదువుకుంటున్న చెల్లిది. "అన్నయ్యా, ఇక్కడ నా రూమ్మేట్లు బీచ్‌కి వెళ్ళే ముందు ట్యాన్ బాగా రావాలని, స్కిన్ కాలకూడదని మాత్రలు వేసుకుంటున్నారు. నన్నూ వేసుకోమంటున్నారు. సేఫేనా?"

చూశారా, ఒకరికేమో రంగు పోవాలి, ఒకరికేమో రంగు రావాలి. ఇద్దరూ పంపించిన డబ్బాల ఫోటోలు జూమ్ చేసి వెనక చదివితే సగం పేర్లు అవే! బీటా కెరోటిన్, ఆస్టాక్సాంథిన్, విటమిన్ సి, విటమిన్ ఇ. అదే సరుకు అక్కడ ట్యాన్ తెస్తుందట, ఇక్కడ ట్యాన్ తీసేస్తుందట. ఈ ఒక్క విషయంలోనే మనకి డౌట్ రావాలి.

ముందు అసలు ట్యాన్ అంటే ఏంటో చెప్పుకుందాం. ఎండలో ఉండే యూవీ కిరణాలు చర్మ కణాల్లోకి వెళ్ళి డీఎన్ఏని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ తగిలిన కణం పక్కనే ఉన్న రంగు తయారుచేసే కణాలకి కబురు పంపిస్తుంది. అవి మెలనిన్ అనే రంగు పదార్థం తయారుచేసి పంపిస్తే, అది వచ్చి కణంలో డీఎన్ఏ ఉండే కేంద్రకం మీద టోపీ పెట్టినట్టు కూర్చుంటుంది. నిజంగానే మైక్రోస్కోప్‌లో టోపీలాగే కనిపిస్తుంది. అంటే ట్యాన్ అనేది దెబ్బ తగిలాక తెరిచిన గొడుగు. దెబ్బ లేకుండా ఎండ వల్ల ట్యాన్ రాదు. "స్కిన్ డ్యామేజ్ కాకుండా మంచి ట్యాన్" అని డబ్బా మీద రాస్తే, ఆ వాక్యంలోనే తిరకాసు ఉంది.

మనకి పుట్టుకతో వచ్చిన రంగుకి మాత్రం ఆ దెబ్బ అక్కర్లేదు, అది ముందే తెరిచి ఉన్న గొడుగు. బాగా నల్లటి చర్మపు పై పొర ఎస్‌పీఎఫ్ 13 దాకా పనిచేస్తుందని, తెల్లవాళ్ళ చర్మానికి అది 3 చిల్లరేనని 1979లోనే కొలిచారు. మన చామనఛాయ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

ఇప్పుడు క్యాప్సూల్స్ దగ్గరికి వద్దాం. ఆస్టాక్సాంథిన్ అనగానే ఏదో ఫారిన్ పేరులా ఉంది కదా. ఈ చెరువులో ఉన్నది అదేనండీ. పచ్చి వనామీ రొయ్య బూడిద రంగులో ఉంటుంది, ఉడికిస్తే ఎర్రగా అవుతుంది. ఎందుకంటే రొయ్య పెంకులో ఆస్టాక్సాంథిన్ ఒక ప్రోటీన్‌ని పట్టుకుని ఉంటుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోతే అసలు ఎరుపు బయటపడుతుంది. రొయ్య దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, మేత నుంచే రావాలి. అందుకే కలర్ కోసం మేతలో కలుపుతారు. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు కూడా ఈ కుటుంబానిదే, కెరోటినాయిడ్స్ అంటారు. క్యారెట్, బొప్పాయి, మునగాకు, టమాటా అన్నింట్లోనూ ఈ చుట్టాలే.

డాలస్ చెల్లి అడిగిన మాత్రల రహస్యం ఇదే. అవి మెలనిన్‌ని పెంచవు. ఆ రంగు వెళ్ళి చర్మం కింద కొవ్వులో పేరుకుంటుంది, మనిషి నారింజ రంగులో కనిపిస్తాడు. ఫ్లెమింగోకి జరిగేదే. అది ట్యాన్ కాదు, పెయింటు. అరచేతులు, అరికాళ్ళు ముందు పచ్చబడతాయి. పచ్చకామెర్లేమో అని కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. కామెర్లయితే కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడుతుంది, కెరోటిన్ ఎక్కువైతే కళ్ళు తెల్లగానే ఉంటాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఇంట్లో పనికొస్తుంది.

ఈ కుటుంబంలో ఒకడు మాత్రం మంచోడు కాదు. కాంథాజాంథిన్. కోడిగుడ్డు సొన రంగు కోసం కోళ్ళ మేతలో కొంచెంగా వేస్తారు, ఆ మోతాదులో ఇబ్బంది లేదు. దాన్నే పెద్ద మోతాదులో ట్యానింగ్ మాత్రలుగా అమ్మారు. వేసుకున్న కొంతమందికి కంటి రెటీనా మీద బంగారు రంగు స్ఫటికాలు పేరుకున్నాయి. ఎముక మూలుగ దెబ్బతిని ఒకరు చనిపోయిన సంగతి 1990లో వైద్య పత్రికలో వచ్చింది. అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ట్యానింగ్ కోసం ఎప్పుడూ ఆమోదించలేదు. చెల్లీ, మీ రూమ్మేట్ల డబ్బా మీద ఆ పేరు ఉంటే డస్ట్‌బిన్‌లో వేసెయ్యమను. మెలనోటాన్ అని ఇంజెక్షన్లు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు కూడా ఆన్‌లైన్లో తిరుగుతున్నాయి. వాటి జోలికి అసలు వెళ్ళొద్దు.

సరే, రంగు సంగతి వదిలేద్దాం. ఎండ నుంచి కాపాడటం మాటేంటి? ఇక్కడ నిజాయితీగా చెప్పాలి, పూర్తిగా అబద్ధం కాదు. 2001లో జర్మనీలో ఒక అధ్యయనం చేశారు. రోజూ 40 గ్రాముల టమాటా పేస్టు, కొంచెం ఆలివ్ నూనెతో, పది వారాలు తినిపించారు. తర్వాత చర్మం మీద యూవీ లైటు వేస్తే ఎర్రబడటం 40 శాతం తగ్గింది. బాగుంది కదా? కానీ రెండు విషయాలు చూడండి. ఒకటి, పది వారాలు పట్టింది. రేపు పట్టుబడి ఉంది, ఇవాళ క్యాప్సూల్ వేసుకుంటే ఏమీ జరగదు. రెండోది, 40 శాతం అంటే ఎస్‌పీఎఫ్ లెక్కలో మోటుగా రెండు కూడా కాదు. ఎస్‌పీఎఫ్ 30 క్రీము సరిగ్గా రాస్తే ఎర్రబరిచే కిరణాల్లో ముప్పయ్యో వంతే లోపలికి వెళ్తాయి. అదీ తేడా. నూనెలో మగ్గిన టమాటా నుంచి ఆ రంగు ఒంటికి బాగా పడుతుందనేది మాత్రం నిజం. అంటే మన ఇంట్లో టమాటా పచ్చడి చేసే పద్ధతి కరెక్టే. అమ్మకి థ్యాంక్స్ చెప్పండి, క్యాప్సూల్ కంపెనీకి కాదు.

నాకు బాగా నచ్చిన పరిశోధన ఇంకోటి ఉంది. ఆస్ట్రేలియాలో నంబూర్ అని చిన్న ఊరు. అక్కడ 1992 నుంచి 1996 దాకా 1,621 మందిని తీసుకున్నారు. కొంతమందికి రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమని ఇచ్చారు. కొంతమందికి రోజూ 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొంతమందికి ఉత్తుత్తి మాత్ర. సన్‌స్క్రీన్ రోజూ రాసినవాళ్ళలో ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. చర్మం ముసలిదవ్వడం 24 శాతం తక్కువని 2013లో తేలింది. బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్ళకి? క్యాన్సర్ తగ్గలేదు, ముడతలూ తగ్గలేదు. నాలుగున్నరేళ్ళు రోజూ మింగినా అంతే.

ఇంతవరకూ అయితే "పోనీలే, పనిచేయకపోతే నష్టమేముంది" అనొచ్చు. ఈ గట్టు మీద పనిచేసే వాళ్ళలో సిగరెట్, బీడీ తాగేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు ఇది జాగ్రత్తగా వినాలి. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్ష చేశారు. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకున్నారు. 1994లో ఫలితం చూస్తే 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్షని 28 శాతం ఎక్కువ కనపడటంతో 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. క్యారెట్ తింటే ఇలా అవ్వదు. మాత్రల్లో మోతాదు వేరు. పొగ తాగేవాడు "స్కిన్ కోసం" బీటా కెరోటిన్ క్యాప్సూల్ మింగడం అంటే చర్మం మీద మోజుతో ఊపిరితిత్తుల్ని పణంగా పెట్టడమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సెంట్రల్ అమెరికా ఫెర్న్ మొక్క సారం ఒకటి అమ్ముతారు, పాలిపోడియం అని. పనిచేస్తుందనే సూచనలు ఉన్నాయి కానీ, అందరూ చూపించే 2004 అధ్యయనంలో పాల్గొన్నది తొమ్మిది మంది. తొమ్మిది మంది అంటే మన ఆటోలో పడతారు. నికోటినమైడ్, అంటే బి3 విటమిన్ ఒక రూపం, దీనికి కొంచెం గట్టి సాక్ష్యం ఉంది. 2015లో ఆస్ట్రేలియాలో 386 మందికి రోజుకి రెండుసార్లు 500 మిల్లీగ్రాములు ఇస్తే కొత్త చర్మ క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి. కాకపోతే వాళ్ళందరూ అంతకుముందే చర్మ క్యాన్సర్లు వచ్చినవాళ్ళు, ఆపగానే ఫలితం పోయింది. మనలాంటివాళ్ళకి దాన్ని అన్వయించలేం. 2018 మేలో ఎఫ్‌డీఏ, మాత్రల్ని సన్‌స్క్రీన్‌లా ప్రచారం చేస్తున్న నాలుగు కంపెనీలకి హెచ్చరిక లేఖలు పంపింది. సన్‌స్క్రీన్ బదులు వేసుకునే మాత్రంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది. మన దేశంలో అయితే ఇలాంటి డబ్బా మీద "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు. రీల్‌లో ఆ లైను చూపించరు, డబ్బా తిప్పి మీరే చూడండి.

గ్లూటాథయోన్ సంగతి. తమ్ముడూ, ఇది నీకోసం. ఇది మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం. మాత్రలుగా తీసుకుంటే కొంతమందిలో రంగు కాస్త తగ్గినట్టు చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, అదీ కొన్ని వారాల పాటు చూసినవి. ఇంజెక్షన్ అయితే ఇంకా ప్రమాదం. రంగు కోసం ఇది ఎక్కించొద్దని ఫిలిప్పీన్స్ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. పోనీ, మాత్ర నిజంగా పనిచేసిందే అనుకుందాం. అది చేసేదేంటి? మెలనిన్ తగ్గించడం. రోజూ ఎండలో చెరువు మీద ఉండే మనిషి డబ్బిచ్చి మరీ గొడుగు మూసుకోవడం. ఏసీ ఆఫీసులో కూర్చునే మోడల్‌కి అది ఫ్యాషన్ కావచ్చు. నీకు కాదు.

ఇప్పుడు అసలు కథ. నోటి ద్వారా తీసుకుంటే ఎండలో చర్మాన్ని నిజంగా నల్లబరిచే పదార్థం ఒకటి ఉంది. అది మన దగ్గరే ఉంది, పచారీ కొట్లో మూలికల డబ్బాల మధ్య దొరుకుతుంది. బావంచాలు. బొల్లి మచ్చలకి మన ఆయుర్వేదంలో ఎప్పట్నుంచో వాడుతున్నారు. వాటిలోంచి సోరాలెన్ అనే పదార్థాన్ని 1933లో మన భారతీయ శాస్త్రవేత్తలే విడదీశారు. 1940లలో ఈజిప్టులో ఇంకో మొక్క నుంచి ఇదే కుటుంబం మందు తీసి బొల్లికి వాడారు. సోరాలెన్ మాత్ర వేసుకుని కొలత ప్రకారం ఎండలో నిలబడే వైద్యం ఇప్పటికీ మన చర్మ డాక్టర్లు చేస్తారు.

1959లో జాన్ హోవర్డ్ గ్రిఫిన్ అనే అమెరికా తెల్ల రచయిత, నల్లవాళ్ళ బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని, ఈ కుటుంబం మందునే డాక్టరు దగ్గర తీసుకుని, యూవీ లైటు కింద కూర్చుని ఒళ్ళు నల్లగా చేసుకున్నాడు. నల్లవాడిగా ఆ దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగి పుస్తకం రాశాడు. అంటే "ట్యానింగ్ మాత్ర" అని అసలైనది ఏదైనా ఉంటే ఇదే.

మరి దీన్నెందుకు బీచ్‌కి వెళ్ళేవాళ్ళకి అమ్మరు? ఎందుకంటే ఇది డీఎన్ఏ పోగుల మధ్య దూరి, ఎండ తగలగానే వాటిని కలిపి కుట్టేస్తుంది. ఎండ దెబ్బని తగ్గించదు, పెంచుతుంది. నిమిషాలు లెక్క తప్పితే బొబ్బలే. మాత్ర వేసుకున్న రోజంతా యూవీ ఆపే కళ్ళజోడు పెట్టుకోవాలి, లేకపోతే కంట్లో శుక్లాలు వచ్చే ప్రమాదం. ఎక్కువకాలం ఈ మందు, యూవీఏ కిరణాలు కలిస్తే క్యాన్సర్ కారకమని ప్రపంచ స్థాయిలో తేల్చేశారు. బొల్లి ఉన్నవాళ్ళకి లాభం ఎక్కువ కాబట్టి డాక్టరు లెక్క చూసి ఇస్తాడు. ఎవరో వీడియోలో చెప్పారని బావంచాల పొడి తినేసి చెరువు మీదికి వెళ్ళకండి. పొడిలో సోరాలెన్ ఎంతుందో ఎవరికీ తెలియదు, ఈ గింజల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. అన్నట్టు, సీరమ్ యాడ్స్‌లో వినే "బకుచియోల్" కూడా ఈ గింజలోదే, అది వేరే పదార్థం, దాని కథ ఇంకోసారి.

ఇదే కుటుంబం నిమ్మకాయలో కూడా ఉంది! ట్యాన్ పోవాలని నిమ్మరసం, శనగపిండి పట్టించి, సరిగ్గా కడగకుండా ఎండలోకి వెళ్తే కొంతమందికి గోధుమరంగు మచ్చలు పడేది ఇందుకే. తగ్గాల్సిన నలుపు నెలల తరబడి ఉండిపోతుంది. మొటిమలకి, కొన్ని జ్వరాలకి ఇచ్చే డాక్సీసైక్లిన్ వాడుతున్నప్పుడు కూడా ఎండ త్వరగా కాలుస్తుంది. సప్లిమెంట్ గురించి కాదు, ముందు ఇలాంటివి వాడుతున్నామా అని చూసుకోండి.

ఇక్కడో చిన్న డైవర్షన్. ఇదే రోడ్డు మీద ముందుకెళ్తే కైకలూరు, ఆకివీడు దాటి భీమవరం వస్తుంది. 1895లో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టిన ఊరు. ఆయన నాయకత్వంలో లెడర్లే కంపెనీ పరిశోధకులు 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేశారు. గర్భిణులకి ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే. దానికీ చర్మం రంగుకీ సంబంధం ఏంటంటే, ఎండలోని యూవీ రక్తంలో ఉండే ఫోలేట్‌ని పాడుచేస్తుందని 1978లో చూపించారు. ఎండ ఎక్కువున్న చోట్ల మనుషులకి నల్లటి చర్మం ఏర్పడటానికి ఫోలేట్‌ని కాపాడుకోవడం ఒక కారణమని 2000లో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. సంబంధాలు చూసేవాళ్ళకి ఇది చెప్పలేం అనుకోండి. అయినా నువ్వు తెలుసుకో తమ్ముడూ. నీ రంగు నీకు వచ్చిన జబ్బు కాదు.

మరి ఎండ మాటేంటి? వేసవి మధ్యాహ్నాల్లో మన కోస్తాలో యూవీ ఇండెక్స్ 11 దాటుతుంది, అంటే స్కేలులో అన్నిటికంటే పై మెట్టు. రోజు మొత్తం యూవీలో దాదాపు 60 శాతం పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం రెండు లోపే పడుతుంది. నీళ్ళ మీద నుంచి తిరిగొచ్చే యూవీ మనం అనుకున్నంత ఉండదు, పది శాతం లోపే. కానీ నీళ్ళలో దిగితే ఎండ తగలదు అనుకోవద్దు. తేట నీళ్ళలో అర మీటరు లోతున కూడా 40 శాతం ఉంటుంది. మన చెరువులు పచ్చగా ఉంటాయి కాబట్టి అంత ఉండకపోవచ్చు, అయినా మెడ, భుజాలు నీళ్ళ పైనే కదా.

సన్‌స్క్రీన్ మంచిదే. చెమటకి, నీళ్ళకి పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి రాయాలి. మేత చేతులతో అది కుదరదని నాకూ తెలుసు. ఈ చుట్టుపక్కల నాట్లు వేసే ఆడవాళ్ళని చూడండి. చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని దిగుతారు. ఎవరూ రీల్ చేసి చెప్పలేదు వాళ్ళకి. దగ్గరగా నేసిన ముదురు రంగు బట్ట ఆపినంత యూవీని ఏ క్యాప్సూలూ ఆపలేదు. మనవాళ్ళే బనీను మీద, బుజాన కండువాతో పడవెక్కుతారు.

సో తమ్ముడూ, ఆ రెండు వేలలో రెండు కాటన్ ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు, చుట్టూ అంచున్న టోపీ, యూవీ 400 అని రాసున్న కళ్ళజోడు వచ్చేస్తాయి. కళ్ళజోడు స్టైల్ కోసం కాదు, ఎండలో పనిచేసేవాళ్ళకి కంటి తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదకి కండ పెరుగుతుంది, దానికి. మిగిలిన డబ్బుతో మొహానికి, మెడకి సన్‌స్క్రీన్. మేత పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి పడేట్టు రైతుతో మాట్లాడి చూడు. కప్పి ఉంచితే ట్యాన్ కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే పై చర్మం రాలిపోతూ కొత్తది వస్తూనే ఉంటుంది. బుగ్గల మీద మంగు మచ్చల్లా ఉంటే అది ట్యాన్ కాదు, చర్మ డాక్టరుకి చూపించు. ఊళ్ళో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీము మాత్రం రాయకు.

చెల్లీ, నీకు బీచ్‌లో పడుకోవాల్సిన అవసరమే లేదు, వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కుంటున్న రంగు నీకు ఉచితంగా ఉంది. నీడలో కూర్చుని వాళ్ళ బ్యాగులు చూసుకో.

యూవీ మీటర్ యాప్ ఏదైనా చెప్పమని చాలామంది అడుగుతారు. యాప్ అక్కర్లేదు. ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే పర్వాలేదు, పొట్టిగా అయిందంటే యూవీ గట్టిగా ఉన్నట్టు. ఇదిగో, కెమెరా కిందకి తిప్పుతున్నాను, నా నీడ చూడండి. మొదలుపెట్టినప్పుడు ఆ ఏరేటర్ వైరు దాకా ఉంది. ఇప్పుడు నా అంత కూడా లేదు. లేస్తున్నానండీ.